తీగలమ్మ ఎంచుకున్న కార్డు

బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, కంప్యూటరు వెనకనున్న నీలం తీగను పీకి, మనసులో పది లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చింది తీగలమ్మ. పొద్దున్నించి అది మూడోసారి. పదికి తక్కువ లెక్కపెడితే కంప్యూటరు దారికి రాదు. ఎక్కువ లెక్కపెడితే అవతల వినేవాళ్ళు ఊరుకోరు. పదంటే పదే. ఎనిమిది నెలల్లో తేల్చుకున్న లెక్క అది.

“వచ్చిందా?” అని బల్ల కిందనించే అరిచింది.

“ఉండక్కా, అడుగుతున్నా,” అని ముందుగదిలోంచి, అందరూ హలో అని పిలిచే అతని గొంతు వినిపించింది. కాసేపటికి మళ్ళీ, “వచ్చిందట! మాస్టారు మాత్రం కథ మళ్ళీ మొదటికెళ్ళిందంటున్నారు. హంతకుణ్ణి పట్టుకునే వేళకి, చచ్చినవాడు లేచి కూర్చుని కాఫీ తాగుతున్నాట్ట.”

తీగలమ్మ నవ్వుకుంటూ బల్ల అంచు పట్టుకుని లేచింది. మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి టిక్కుమన్నాయి. ఆవిడ పొట్టి మనిషి. నెరిసిన జుట్టును బిగించి ముడి వేసుకుంటుంది. చెవి వెనక ఎప్పుడూ రబ్బరున్న పెన్సిలొకటి ఉంటుంది, మెళ్ళో తాడుకి కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. కుడిచేతి బొటనవేలి గోరు ఒక పక్క అరిగిపోయింది. తీగల కొసన ఉండే ప్లాస్టిక్ నాలుకల్ని నొక్కీ నొక్కీ అలా అయింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

అది చూపులేనివాళ్ళ గ్రంథాలయం. పాత మూడంతస్తుల భవనంలో మొదటి అంతస్తు మొత్తం దానిదే. పొడుగాటి హాల్లో చెక్క అడ్డుపలకలు పెట్టి చేసిన పన్నెండు సీట్లు, ఒక్కో సీటు ముందు ఐదేసి మీటలు, ఒక్కో జత హెడ్‌ఫోన్లు. ఎవరెవరో తీరిక చేసుకుని వచ్చి గొంతెత్తి చదివిపెట్టిన నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు లోపలి గదిలో ఒకే ఒక్క కంప్యూటర్లో ఉన్నాయి. ఇక్కడ మీట నొక్కితే అక్కణ్ణించి గొంతు నడిచొస్తుంది. నడిచొచ్చే దారి ఆ నీలం తీగ. ఆ దారికి తలుపు లాంటిది కంప్యూటర్లోని నెట్‌వర్క్ కార్డు. ఆ తలుపే కొన్నాళ్ళుగా ఉండుండి దానంతటది మూసుకుపోతోంది.

ముందుగదిలో ఫోను చూసే హలోకి నలభై ఆరేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. రోజుకి వందసార్లు ఆ మాటే అంటాడు గనక ఆ పేరే స్థిరపడింది. మూడో నంబరు సీటు మాస్టారుది. ఒకప్పుడు పిల్లలకి రేఖాగణితం చెప్పినాయన. అరవై దాటాక రెండు కళ్ళూ ఒక్క ఏడాదిలో పోయాయి. ఇంట్లో మాటకి మాట వినపడనంత సందడి. అందుకని పొద్దున్నే గొడుగు పొడుచుకుంటూ ఇక్కడికొచ్చి, సాయంత్రం హాలు మూసేదాకా నేరపరిశోధన నవలలు వింటాడు.

తీగలమ్మకి ఉద్యోగంలో అది ఆఖరి రోజు. మేనేజరు ఏదో సమావేశానికి పొరుగూరు వెళ్తూ, “వచ్చే వారం అందరం ఒకసారి కూర్చుందామండీ,” అన్నాడు. వచ్చే వారానికి ఆవిడ ఈ ఊళ్ళోనే ఉండదని ఆయనకి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ “అలాగా!” అని ఆశ్చర్యపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఒక చెవిన విన్నది రెండో చెవికి అందేలోపు ఫోను మోగుతుంది, అంతే.

కానీ ఆయన అన్న ఇంకో మాట మాత్రం ఆవిడ నెత్తిన కూర్చుంది. “మీ పోస్టు మీతోనే సరి. కొత్తవాళ్ళని ఇవ్వరట. ఆ కంప్యూటరు ఇలాగే మొరాయిస్తే వినే హాలు ఎత్తేద్దాం. ఇళ్ళల్లోనే ఫోన్లలో వింటారు.”

ఇళ్ళల్లో వినగలిగినవాళ్ళు వింటారు. మాస్టారెక్కడ వింటాడు?

నీలం తీగ పీకి పది లెక్కపెట్టడానికి రేపటినించీ ఎవరూ ఉండరు. అంచేత తీగ పీకే అవసరమే లేకుండా చేసి పోవాలి. అదీ ఆవిడ పట్టుదల.

ఆ కంప్యూటరు ఒక ఆఫీసువాళ్ళు అక్కర్లేదని ఇచ్చింది. నెట్‌వర్క్ కార్డు విడిగా లేదు, మదర్‌బోర్డులోనే కలిసి ఉంది. ఒకళ్ళిద్దరు వింటున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఏడెనిమిది సీట్లు నిండేసరికి పంపమన్నది పంపలేక నోరు మూసుకుంటుంది. కంప్యూటరు రాసుకునే చిట్టాలో, పంపబోయాను, గడువు దాటిపోయింది అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి మళ్ళీ మళ్ళీ పడుతుంది. తీగ మార్చింది. తీగలన్నీ కలిసే పెట్టె మార్చింది. సిస్టమ్‌లో ఆ కార్డుని నడిపించే డ్రైవరు పాతది వేసి చూసింది, కొత్తది వేసి చూసింది. చివరికి ఊరూపేరూ తెలియని దేశాల్లోంచి జనం రాసుకునే లినక్స్ చర్చల్లో ఆ చిప్పు నంబరు పెట్టి వెతికితే, ఏడేళ్ళ కిందటినించీ అదే ఏడుపు. ‘ఇది మొరాయిస్తోంది, ఏం చెయ్యాలి?’ అని ఒకరు. ‘వేరే కార్డు కొనుక్కో’ అని ఇంకొకరు.

కంప్యూటర్ని నడిపించే ఆ ఉచిత సిస్టమ్, లినక్స్, ఆవిడ ఏరికోరి తెచ్చుకున్నదే. పదకొండేళ్ళ కిందట అన్ని ఆఫీసుల్లోనూ డబ్బిచ్చి కొన్న సిస్టమ్‌లు నడుస్తుంటే, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆవిడ ఒక్కతే నిఘంటువు పక్కన పెట్టుకుని, ప్రింటు తీసిన కాగితాలు చదువుకుంటూ దాన్ని ఎక్కించింది. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా బాగుచెయ్యచ్చు అన్న మాట ఆవిడకి నచ్చింది. గ్రంథాలయం లాంటిదే కదా అనుకుంది.

కార్డు కొనడానికి అనుమతి కాగితం రెండు నెలలు బల్లబల్లకీ తిరిగి, నిన్న సాయంత్రం చేతికొచ్చింది. పదిన్నరకి హలోకి చెప్పి, పెన్‌డ్రైవు, చిన్న నోటుపుస్తకం సంచిలో వేసుకుని బయల్దేరింది.

“మళ్ళీ ఆగితే?” అన్నాడు హలో.

“పీకు, పది లెక్కపెట్టు, గుచ్చు.”

“ఏది పీకాలో నాకేం తెలుసక్కా? కిందటిసారి కరెంటుదే పీకా.”

“అయితే మాస్టారికి నాలుగు కబుర్లు చెప్తూ ఉండు. వచ్చేస్తా.”

కంప్యూటరు విడిభాగాలమ్మే సందు బస్సులో ఇరవై నిమిషాలు. రెండు చేతులు చాపితే గోడకీ గోడకీ అందేంత ఇరుకు కొట్లు. గోడల మీద మదర్‌బోర్డులు ఎండబెట్టిన చేపల్లా వేలాడుతుంటాయి. నాలుగో కొట్టాయన పేరు వారంటీ. “మెట్టు దిగాక వారంటీ లేదు” అని ప్రతి కొనుగోలుదారుడికీ చెప్తాడు గనక. లావుపాటి మనిషి, చిన్న స్టూలు, ఆ రెండింటి మధ్యా ఎలా సయోధ్య కుదిరిందో ఇరవై ఏళ్ళుగా చూస్తున్న తీగలమ్మకీ అంతుపట్టదు.

“రండమ్మా. నెట్‌వర్క్ కార్డే కదా? ఇదిగో,” అని మెరిసిపోయే పెట్టొకటి ముందు పెట్టాడు. “మీ లినక్స్ పెంగ్విను బొమ్మ కూడా ఉంది చూడండి.”

తీగలమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టె నాలుగు పక్కలా తిప్పి చదివింది. లోపల కార్డుతో పాటు ఒక సీడీ ఉంది.

“బొమ్మ వెయ్యడానికేముంది? డ్రైవరు సీడీలో ఇచ్చాడు చూడు. అంటే సిస్టమ్‌లో అది లేదన్నమాట. సిస్టమ్ కొత్తదైన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ ఎక్కించాలి. ఎవరు కూర్చుంటారు?”

“మీరే!”

“నేను లేకుండా నడవాలి. నాకు కావాల్సింది, కొత్త సిస్టమ్ ఎక్కించినా పిలవకుండానే పలికేది.”

వారంటీ ఇంకో పెట్టె తీశాడు. ఆవిడ నోటుపుస్తకంలో రాసుకొచ్చిన పేరే దాని మీద ఉంది. ముఖం విప్పారింది గానీ చెయ్యి మాత్రం పెన్‌డ్రైవు తీసింది. దాని మీద ఒక చిన్న లినక్స్ ఉంటుంది. ఏ కంప్యూటరుకి గుచ్చి లేపినా లేస్తుంది. కొట్లో పరీక్షల కోసం పెట్టుకున్న మూత లేని కంప్యూటర్లో కార్డు పెట్టి, సిస్టమ్ లేపి, ఒక వరస టైపు చేసింది. తెర మీద కార్డు అసలు నంబరు పడింది. నాలుగంకెలు, రెండు చుక్కలు, మళ్ళీ నాలుగంకెలు. పుస్తకంలో చూసుకుంది. చివరి రెండూ తేడా.

“పేరు అదే, పెట్టె అదే. లోపలి మనిషిని మార్చేశారు,” అంది.

“రెండంకెలే కదమ్మా తేడా! కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారేం?”

“తప్పు నంబరు చిప్పు వల్లే ఎనిమిది నెలలుగా బల్ల కింద కాపరం చేస్తున్నానయ్యా. ఫోను నంబర్లో రెండంకెలు మారిస్తే మీ ఇంటికి పోతుందా?”

వారంటీ స్టూలు మీద కూర్చునే వెనక్కి తిరిగాడు. అడుగు అరలోంచి, దూదిలో పెట్టినంత జాగ్రత్తగా మూడోది తీశాడు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో రేయింబవళ్ళు నడిచే కంప్యూటర్లలో వాడే రకం. కొత్తది. నంబరు సరిపోయింది. డ్రైవరు సిస్టమ్‌లోనే ఉంది. తీగలమ్మ దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో అటూ ఇటూ వంచి చూసింది. చిప్పు మీద అక్షరాలు ఒక మూలకి ఒరిగి ఉన్నాయి. వెనకవైపు అతుకులు కొన్ని ఉబ్బుగా, కొన్ని పల్చగా ఉన్నాయి.

“ఇది అసలుది కాదు, దొంగదయ్యా,” అంది మెల్లిగా.

వారంటీ ముఖం వాడిపోయింది. ఆయన మోసగాడు కాడు. మెట్టు దిగాక వారంటీ ఇవ్వడు గానీ మెట్టు ఎక్కినవాళ్ళకి అబద్ధం చెప్పడు. “డబ్బా నిండా ఇవే కొన్నానమ్మా,” అన్నాడు. “నాకూ తెలీలేదు.”

 పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టయింది. తీగలమ్మ స్టూలు కోసం చూసి, లేదు గనక మెట్టు మీదే కూర్చుంది. సాయంత్రం ఆరింటికి హాలు మూస్తారు. రేపు ఉదయం ఏడింటికి రైలు. అప్పుడు కనపడింది, బల్ల కింద వారంటీ కాళ్ళు పెట్టుకునే రేకు డబ్బా.

“అందులో ఏముంది?”

“తుక్కమ్మా. మూసేసిన ఆఫీసొకటి ఉంటే దాన్లో మిషన్లు విప్పేస్తే వచ్చిన ముక్కలు. తూకానికి ఇచ్చేద్దామని.”

ఆవిడ డబ్బా ముందుకి లాక్కుంది. తీగముక్కలు, స్క్రూలు, ఫ్యాన్లు. అట్టడుగున దుమ్ము కొట్టుకుపోయిన కార్డులు ఆరేడు, ఒకే తీరువి. ఒకటి తీసి ఊదింది. పచ్చబోర్డు రంగు వెలిసింది. అంచున ఒక గీత పడింది. చీటీ మీద పదకొండేళ్ళ కిందటి తేదీ. అక్షరాలు తిన్నగా, అతుకులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. చెవి వెనక పెన్సిలు తీసి, దాని రబ్బరుతో కార్డు అంచునున్న పసుపు పళ్ళని ఒక్కొక్కటే రుద్దింది. నల్లటి మురికి పోయి అవి తళుక్కుమన్నాయి.

గుచ్చి లేపితే నంబరు పడింది. పుస్తకం తెరవక్కర్లేకపోయింది. ఆ నంబరు ఆవిడకి కంఠతా వచ్చు. చర్చల్లో రాత్రీ పగలూ జనం చెప్పుకునే కార్డుల మధ్య, దీని గురించి మాత్రం పదేళ్ళలో నాలుగంటే నాలుగు ఉత్తరాలు చూసింది. మూడింట్లో తప్పు తీగది. నాలుగో దాంట్లో రాసినవాడే మర్నాడు క్షమాపణ చెప్పుకున్నాడు.

“దీని గురించి ఎవరూ పెద్దగా ఏమీ రాయలేదు,” అంది, దాన్ని అరచేతిలో పెట్టుకుని.

“మంచిదని ఒక్కరూ రాయలేదా? మరెలా నమ్ముతారమ్మా?”

“అదేనయ్యా నమ్మకం. కడుపు నొప్పొస్తే వీధంతా చెప్పుకుంటాం. నొప్పి లేని రోజు ఎవరికి చెప్తాం?”

పెన్‌డ్రైవులోంచి పెద్ద పెద్ద ఫైళ్ళు కొట్లోని ఇంకో కంప్యూటరుకి తీగ మీదుగా అటూ ఇటూ అరగంట పంపి చూసి, తప్పుల లెక్క దగ్గర సున్నా కనపడ్డాక రెండు కార్డులు పక్కకి తీసింది. ఒకటి పనికి, ఒకటి ధైర్యానికి. లేవబోతూ నవ్వింది. “దీనికెన్నాళ్ళు వారంటీ?”

“మీకు కాబట్టి చెప్తున్నా. మీరున్నన్నాళ్ళూ.”

“నేను రేపటికే లేను.”

“అవేం మాటలమ్మా!” అంటూ వారంటీ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడగా ఆవిడ చూడడం అదే మొదలు.

“ఊరెళ్ళిపోతున్నానయ్యా, ఊరికి. ఉద్యోగం అయిపోయింది.”

ఆయన తేరుకుని గుండె రాసుకుంటూ, రెండు కార్డుల్నీ విడివిడిగా కాగితంలో చుట్టి, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, మెట్టు దిగి మరీ సాగనంపాడు.

దారిలోనే ఇల్లు. రెండు గదులు, ఒక వంటగది. గోడల మీదివన్నీ దించేశారు గనక మాట్లాడితే గది తిరిగి మాట్లాడుతోంది. ఆడపడుచు పెట్టె మీద కూర్చుని, మూత పడక, దాన్ని తన బరువుతో అణుస్తోంది. చిక్కి సగమైన మనిషి, అణిగేదెక్కడ.

“వచ్చావా వదినా! రా, నువ్వూ కూర్చో. ఇద్దరం కలిస్తే మూసుకుంటుంది.”

ఇద్దరూ పక్కపక్కన పెట్టె మీద కూర్చున్నారు. గడియ టక్కుమంది. ఆడపడుచు నవ్వబోతే దగ్గొచ్చింది. అది మొదలైతే ఒక పట్టాన ఆగదు. తీగలమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. ఈ ఊరి దుమ్ము పడదు, కొండల్లో ఉండమని వైద్యులు చెప్పి ఆరేళ్ళయింది. “నీ ఉద్యోగం అయ్యాకే పోదాం. అందాకా నా దగ్గు నేను చూసుకుంటా,” అంది ఆడపడుచు. ఆరేళ్ళూ చూసుకుంది. ఇప్పుడు కొండ మీద చిన్న ఊళ్ళో మేడ మీది గదొకటి దొరికింది.

వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అంటారు. పెళ్ళయిన నాలుగో ఏడు, వారం రోజుల జ్వరంలో తీగలమ్మ భర్త పోయాడు. ఆయన అచ్చుయంత్రం దగ్గర పనిచేసేవాడు. అప్పుడు ఆడపడుచుకి పద్దెనిమిదేళ్ళు. వెనకా ముందూ ఎవరూ లేరు. పుట్టింటివాళ్ళు బండి తీసుకుని వచ్చారు తీగలమ్మ కోసం. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, “వదినా, గిన్నెలు ఏవి నీవో చెప్పు, సర్దిపెడతా,” అంది. ఏడవలేదు, బతిమాలలేదు. గిన్నెలు వేరుచెయ్యడం తీగలమ్మ వల్ల కాలేదు. బండి ఖాళీగా తిరిగెళ్ళింది. ముప్ఫై నాలుగేళ్ళు. గిన్నెలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి, ఇదే పెట్టెలో.

“దొరికిందా నీ కార్డు?” అంది ఆడపడుచు, దగ్గు తెరిపిచ్చాక.

కాగితం విప్పి చూపించింది.

“ఇదా! రెండు నెలలు తిరిగి తిరిగి ఈ పాతదాన్నా పట్టుకొచ్చావు?”

“పాతదే మంచిది.”

“నన్ను చూసి కూడా ఆ మాట ఎప్పుడూ అనలేదు నువ్వు,” అని మూతి ముడిచి, భోజనం గిన్నె చేతికందించింది. “తిని పో. సాయంత్రం త్వరగా రా. ఆఖరి రోజని అక్కడే పాతుకుపోకు.”

తీగలమ్మ గ్రంథాలయానికి చేరేసరికి రెండున్నర. ఈలోపు రెండుసార్లు ఆగిందట. హలో వెళ్ళి ఏదో పీకితే హాల్లో ఫ్యాన్లాగాయట. “గాలీ లేదు, కథా లేదు,” అని మాస్టారు అందరికీ చెప్తున్నాడు.

“గంటసేపు ఎవరికీ కథ రాదు. టీ తాగి రండి,” అని హాల్లో ప్రకటించి, ఆవిడ లోపలి గదిలో కంప్యూటరు ఆపి మూత తీసింది. కార్డుకున్న రేకు పట్టీ పొట్టిది. ఈ పెట్టెకి పొడుగుది కావాలి. మూలనున్న చెడిపోయిన కార్డొకదాని పట్టీ విప్పి, చిల్లులు సరిపోతాయో లేదో ఊపిరి బిగబట్టి చూసింది. ఒక చిల్లు సరిపోయింది, రెండోది గోరంత పక్కకి జరిగింది. ఒక్క స్క్రూతోనే బిగించింది. కార్డుని సందులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే, లోపలికి దిగినట్టు చేతికే తెలిసింది. రెండో కార్డుని అదే కాగితంలో చుట్టి పెట్టె లోపలి గోడకి టేపుతో అతికించింది.

సిస్టమ్ లేచింది. కార్డు పలికింది. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. డ్రైవరు దానంతటదే వచ్చి కూర్చుంది. పన్నెండు సీట్లలోనూ ఒకేసారి పెద్ద పుస్తకాలు పెట్టి, హెడ్‌ఫోన్లు ఒక్కొక్కటే చెవికి ఆనించుకుంటూ హాలంతా తిరిగింది. ఒక సీట్లో పెళ్ళి, ఒక సీట్లో తుఫాను, ఒక సీట్లో ఎవరో ఎవరికో క్షమించమని ఉత్తరం రాస్తున్నారు. ఎవరూ తడబడలేదు. తప్పుల లెక్క సున్నా దగ్గరే ఉంది.

నాలుగింటికి మాస్టారు తన సీట్లో కూర్చున్నాడు. మిగతా సీట్లూ నిండాయి. తీగలమ్మ అలవాటుగా బల్ల పక్కన చెవి రిక్కించుకుని నిలబడింది. నాలుగున్నర. ఐదు. ఎవరూ పిలవలేదు. ఏం చెయ్యాలో తోచక, లినక్స్ చర్చల్లోకి వెళ్ళి, పదకొండేళ్ళలో రెండోసారి ఒక ఉత్తరం రాసింది. కార్డు నంబరు, సిస్టమ్ కూర్పు, పన్నెండు సీట్లు, తప్పులు సున్నా. ఎప్పుడో ఎక్కడో ఇంకొకరు బల్ల కింద కూర్చుని వెతుకుతారు. వాళ్ళకి దొరకాలి.

హలో గుమ్మం పట్టుకుని వచ్చాడు. “అక్కా, ఇది కూడా ఎప్పుడైనా ఆగితే?”

“ఆగదు. ఆగితే ఏం చెయ్యాలో చెప్తా, విను.”

“చెప్తే రేపటికి మర్చిపోతా. రాసిస్తే నాకు పనికిరాదు. పుస్తకం చేసి పెట్టు.”

తీగలమ్మ తెర వదిలి అతనివైపు తిరిగింది. “నేనా? నా గొంతుతోనా?”

ముప్ఫై మూడేళ్ళ కిందట ఈ మెట్లెక్కింది పుస్తకాలు చదవడానికే. భర్త పోయిన ఏడాదికి, చదివేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి వచ్చింది. గాజు అద్దం అవతల ముగ్గురు కూర్చుని, ఒక పేజీ చదివించారు. అంతకుముందు ఇంట్లో ఆడపడుచు ముందు పదిసార్లు చదివి తెచ్చుకున్న ధైర్యం ఆ పేజీతో అయిపోయింది. “గొంతులో ఇసక ఉందమ్మా,” అన్నాడు ముగ్గుర్లో పెద్దాయన, నొప్పించకుండా. తలవంచుకుని తలుపు దాకా వెళ్ళాక రెండో ఆయన పిలిచి అడిగాడు, “టేపులు వెనక్కి చుట్టడం వచ్చా?” వచ్చని చెప్పింది. ఆ మాట అబద్ధం. ఆ సాయంత్రమే నేర్చుకుంది. టేపులు పోయి డిస్కులొచ్చాయి, డిస్కులు పోయి కంప్యూటరొచ్చింది. నాలుగు వేల పుస్తకాలూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళాయి. గొంతు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

“ఇసక గొంతు నాది,” అంది ఇప్పుడు.

“ఇన్నేళ్ళుగా ఆ గొంతు పట్టుకునే కదక్కా నేను మెట్లు దిగుతున్నా,” అన్నాడు హలో. “నాకేం పడిపోలేదే.”

చదివే గదిలోకెళ్ళి తలుపేసుకుంది. మైకు ముందు గొంతు సవరించుకుంటే అదీ రికార్డయింది. తీసెయ్యబోయి, ఉండనీ అనుకుంది. “నాలుగు వేల మూడు వందల పదకొండో పుస్తకం,” అని మొదలుపెట్టింది. ఆ తర్వాత చదివినవారి పేరు చెప్పాలి. ఒక్క క్షణం తడుముకుని, “చదివినది తీగలమ్మ,” అంది. మిగతాదంతా ఐదు నిమిషాలు. బల్ల కింద ఎలా కూర్చోవాలి, పెట్టె వెనక చెయ్యి పెడితే వరసగా ఏమేం తగులుతాయి, చివరి తీగ ఏది, కార్డు నిజంగానే పోతే రెండో కార్డు ఎక్కడుంది, ఎవర్ని పిలవాలి. చివర్న, “కంగారు పడకు. పది లెక్కపెట్టు,” అంది.

బయటికొచ్చేసరికి హాల్లో అందరూ లేస్తున్నారు. మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

“అమ్మాయ్, ఏమైందివాళ? నాలుగింటినించీ ఒక్కసారైనా ఆగలేదేం?”

“కొత్త కార్డు వేశాను మాస్టారూ. ఇంక ఆగదు. దొరికాడా హంతకుడు?”

“దొరికాడు. తోటమాలి. నేను ముందే అనుకున్నా,” అన్నాడు మాస్టారు. ఆయన ప్రతి పుస్తకానికీ ముందే అనుకుంటాడు. తర్వాత కాస్త ఇబ్బందిగా, “ఏమనుకోకు. మధ్యమధ్య ఆగినప్పుడు మంచినీళ్ళు తాగొచ్చేవాణ్ణి. ఇందాకణ్ణించీ నోరెండిపోయింది,” అన్నాడు.

ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆయన తాగినంతసేపూ పక్కనే నిలబడింది. “మధ్య మీట నొక్కితే మీకు మీరే ఆపుకోవచ్చు మాస్టారూ,” అంది.

“నిజంగానా? పదేళ్ళుగా అది అలంకారానికనుకున్నా.” ఖాళీ గ్లాసు తిరిగిచ్చి గొడుగు తడుముకున్నాడు. “రేపు రెండో భాగం పెట్టు.”

“హలో పెడతాడు,” అంది తీగలమ్మ. ఆయన తలూపి, గొడుగుతో ఒక్కో మెట్టే తడుతూ దిగిపోయాడు. ఆఖరి రోజని ఆయనకి చెప్పాలనే అనుకుంది. తోటమాలి దొరికిన సంతోషంలో ఉన్న మనిషికి అది చెప్పడమెందుకనిపించింది.

ఆరింటికి సంచి భుజాన వేసుకుని, తాళంచెవుల గుత్తి హలో అరచేతిలో పెట్టింది. అతను ఒక్కొక్క చెవినీ వేళ్ళతో గుర్తుపట్టి, “ఇది ఇనప్పెట్టెది, ఇది హాలుది,” అన్నాడు. గుత్తి జేబులో వేసుకున్నాడు. “రైలెన్నింటికక్కా?”

“ఏడింటికి. వెళ్ళొస్తా మరి.”

“అక్కడ చలట కదా. తలకి ఏదైనా చుట్టుకో.”

“చుట్టుకుంటాలే. నువ్వు భోజనం వేళకి తిను. ఫోను కోసం చూస్తూ కూర్చోకు.”

 ఆవిడ మెట్లు దిగుతుంటే హలో గుమ్మంలో నిలబడి విన్నాడు. మోకాళ్ళ టిక్కు, చెప్పుల చప్పుడు, మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగడం, మళ్ళీ చప్పుడు, వీధి తలుపు. తర్వాత ఆ చప్పుడు వీధి రణగొణధ్వనిలో కలిసిపోయింది.

హాలుకి తాళం వేసి, అతను లోపలి గదిలోకొచ్చాడు. ఆవిడ పుస్తకం ఒకసారి విని, అందులో చెప్పినట్టే బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఒకసారి నేర్చుకుందామని పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. మొదట లావుపాటిది, కరెంటుది. తర్వాత ఖాళీ. తర్వాత వెచ్చగా తగిలే గాలి. చిట్టచివర సన్నటి తీగ, దాని మొదట్లో వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. ఆ సంగతి ఆవిడ పుస్తకంలో చెప్పలేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లిగా తడిమాడు. ఉతికి ఉతికి పల్చబడ్డ ఆవిడ చేతిరుమాలు అంచు, చింపి, తీగ చుట్టూ రెండు చుట్లు చుట్టి, ఊడిపోకుండా బిగించి వేసిన చిన్న ముడి.